మగ్గాలు ఆపించిన వియ్యంకుడు

మూడు వారాలు కావస్తోంది. ఆ సోమవారం పొద్దున్నే మా అమ్మాయి ఫోన్ చేసి వాళ్ళ మామగారు పోయారని చెప్పింది. పటమటలో వాళ్ళింట్లోనే, కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ పోయారట. నేను మగ్గం మీద ఉన్నాను. ఫోన్ పెట్టేసి ఇంకో బెత్తెడు నేశాను. ఎందుకు నేశానో నాకే తెలియదు. తర్వాత లేచి మంగళగిరిలో బస్సెక్కాను.

నేను మూడో తరగతిలో బడి మానేసిన నేతగాణ్ణి. రాయడం నా పని కాదు. కానీ ఇంకొకళ్ళు రాస్తే, పెళ్ళి ఫొటోలు తీసేవాడని ఒక ముక్క రాసి వదిలేస్తారు. అందుకే నేను రాస్తున్నాను.

పటమటలో ఆయనకి ఫొటో స్టూడియో ఉండేది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక మూసేశారు. నా చీరలకీ అప్పుడే బేరాలు పోయాయి. హైదరాబాదులో ఒకావిడ, నేను పంపిన ఫొటోలు చూపించి చీరలు అమ్ముతుంది. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా ఒక కర్ర బిగిస్తాం. దాని ముళ్ళు గుచ్చుకుని అంచు వెంబడి సన్నటి చిల్లులు పడతాయి. అవి కనపడితేనే చేనేత అని ఆవిడ నమ్ముతుంది. నా ఫోన్లో తీస్తే అవి ఏనాడూ కనపడలేదు. మా అమ్మాయి ఈ సంగతి చెప్పగానే, వియ్యంకుడు డిజిటల్ కెమెరా, మూడు కాళ్ళ స్టాండు మోసుకుని శుక్రవారం బస్సు దిగారు. ఆ తర్వాత నాలుగేళ్ళు ప్రతి శుక్రవారం దిగారు.

మొదటి రోజు ఎండలో తీద్దామన్నాను. ఎండలో జరీ తెల్లగా మండిపోతుంది, దారం కనపడదన్నారు. మగ్గాల షెడ్డు పక్క గదిలో కిటికీ దగ్గర చీర పరిచారు. వెలుతురు తక్కువ కాబట్టి కెమెరా కన్ను కాస్త ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలట. ఆ కాసేపూ ఏదీ కదలకూడదట. ఫ్యాను ఆపించారు. వేలితో నొక్కినా కెమెరా కదులుతుందని, నొక్కిన రెండు సెకన్లకి దానంతటదే తీసేలా పెట్టారు. అయినా మసగ్గానే వచ్చింది. అప్పుడు ఒక గ్లాసుడు నీళ్ళు నేల మీద పెట్టి నన్ను చూడమన్నారు. షెడ్డులో ఆరు గుంట మగ్గాలు, గుంటలోకి కాళ్ళు దించి చెక్కలు తొక్కుతూ నేసేవి. నాది కాక మిగతా అయిదూ ఆడుతున్నాయి. దెబ్బ దెబ్బకీ గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి.

"మగ్గాలు రెండు నిమిషాలు ఆపించండి బావగారూ."

"పెళ్ళిళ్ళలో బ్యాండుమేళం ఆపించే తీశారా ఫొటోలు?" అన్నాను.

"పెళ్ళికూతురు కదలొద్దంటే కదలదండి. మీ నేల నా మాట వినట్లేదు."

నేను అడగనన్నాను. ఆ అయిదుగురూ నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళని నేను అడగడమేమిటి? ఆయనే చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, ఒక్కొక్కళ్ళ దగ్గరా వంగి అడిగారు. ప్రతి వారం అంతే. ఒకసారి ఉండబట్టలేక, మీరిలా అందర్నీ బతిమాలుతుంటే నాకు నామోషీగా ఉందని మొహం మీదే అనేశాను.

"అడగడంలో నామోషీ ఏముందండీ. మసక ఫొటో పంపించి, మంచి చీరే అని ఒట్టేయడం నామోషీ" అన్నారు.

తీసిన ప్రతి ఫొటోనీ పెద్దది చేసి, అంచు చిల్లులు వేలితో లెక్కపెట్టేవారు. చిన్న తెర మీద అన్నీ బాగానే ఉంటాయనేవారు. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావని, కెమెరా చక్రం ఎక్కడికి తిప్పాలో మా అమ్మాయి గోళ్ళరంగుతో చుక్క పెట్టి తెచ్చారు. నేర్చుకోండి, నేను ఎల్లకాలం రాలేను అనేవారు. మీరుండగా నాకెందుకు అనేవాణ్ణి. అభిమానంతో అన్న మాట కాదది, పొగరు.

ఆయన పోయాక కెమెరా నా దగ్గర ఉండిపోయింది. హైదరాబాదు ఆవిడ నేయించుకున్న పద్నాలుగు చీరలు పెట్టెలో ఉన్నాయి. రెండుసార్లు ఫొటోలు పంపాను. రెండుసార్లూ అంచు కనపడట్లేదంది. శనివారం లోపల సరైనవి రాకపోతే వేరేచోట తీసుకుంటానంది. ఈ చీరలు మిగిలిపోతే మళ్ళీ నూలు తేలేను. మగ్గం పీకేయాల్సిందే. డెబ్బై రెండేళ్ళ వయసులో నాకు ఇంకో పని రాదు.

స్టాండు కింద గోనెసంచులు మడిచి పెట్టాను. ఊపిరి బిగబట్టాను. వెలుతురున్నంతసేపూ మగ్గాలు ఆడుతూనే ఉంటాయి. భోజనాలప్పుడు తీద్దామంటే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేస్తారు, నేల ఎప్పుడూ నిలకడగా ఉండదు. తీసిన ప్రతిదీ పెద్దది చేసి చూడటం, తుడిపేయడం. నిన్న సాయంత్రం కెమెరా నేలకేసి కొట్టినంత పని చేశాను. పక్కనే కూర్చుని కాసేపు ఏడ్చాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

ఇవాళ శుక్రవారం. పొద్దున వెళ్ళి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. చెప్పులు విప్పాను.

"నాకోసం రెండు నిమిషాలు ఆపుతారా అమ్మా" అన్నాను.

మొదటి మగ్గం మీదున్న పిల్ల, అడ్డనూలు విసిరే నాడె పట్టుకోవడం నేనే నేర్పిన పిల్ల, తలెత్తింది.

"రెండు శుక్రవారాలు చూశాం పెదనాన్నా, మీరు అడుగుతారేమోనని" అంది.

అయిదు మగ్గాలూ ఆగాయి. గదిలోకి వచ్చి నొక్కాను. రెండు సెకన్లకి టిక్కుమంది. పెద్దది చేసి చూశాను. చిల్లులు ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టాను.

ఇంకా పదమూడు చీరలు తీయాలి. అంతసేపు ఆపమని ఎలా అడగను? ఇక నేసుకోండి అని చెప్పడానికి గుమ్మంలోకి వచ్చాను. అయిదుగురూ తొక్కుడు చెక్కల మీంచి కాళ్ళు తీసేసి, పొరపాటున కూడా తగలకుండా గుంటల్లో పైకెత్తి పట్టుకుని కూర్చున్నారు. నేను వెనక్కి వెళ్ళి రెండో చీర పరిచాను. వాళ్ళు కాళ్ళు దించలేదు.