వెంటిలేటర్లో గోరింక పిల్లలు

కోతమిల్లులో రంపం దగ్గర పనిచేసే ఆ మనిషిని తోటివాళ్లు ఉడత బావ అనేవాళ్లు. ఎదురుగా కాదు లెండి. ఎదురుగా అంటే పళ్లు రాలతాయని అందరికీ తెలుసు.

ఆ పేరు వచ్చేనాటికి అతనికి కూతురు పుట్టి వారం. తొర్ర ఉన్న దుంగ ఒకటి వస్తే, లోపల చూడకుండానే రంపానికెక్కించాడు. రంపం దిగగానే చెక్క మీద రక్తం చిమ్మింది. నాలుగు ఉడత పిల్లలు, సగాలు సగాలుగా. ఒకదాని ముందుకాళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. పక్కవాడు పొట్టుతో పాటు వాటినీ చీపురుతో నెట్టేసి, "కానీ బావా, ఇంకా ఇరవై దుంగలున్నాయి" అన్నాడు. అతను చేతిలో ఉన్న ఇనుప గడతో వాడి మోకాలు చితక్కొట్టాడు.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. తన చేతులకు ఎలాగూ పాపం అంటుకుంది, తన పిల్లల చేతులు మాత్రం చీమకు కూడా అపకారం చేయకూడదని. ఒట్టు మంచిదే, ఎవరు కాదంటారు? పిల్లల్ని పెంచే పద్ధతి మాత్రం అతనికి ఒక్కటే తెలుసు.

కూతురు నాలుగేళ్లప్పుడు తూనీగ తోకకు దారం కట్టింది. అదే దారం తెంపి దాని వేలికి బిగించాడు, వేలు నల్లబడేదాకా. కొడుకు నత్తను తొక్కాడు. వాడి పాదం మీద ఇటుక వేశాడు. ఎదురింటి పిల్లాడు ఉండేలుతో పిచ్చుకను కొడితే, వాడి తండ్రిని వీధిలోకి ఈడ్చి ముక్కు పగలగొట్టాడు. భార్య అడ్డొస్తే ఆమెకూ పడేవి. "జీవాలంటే జాలి లేదే మీకు!" అని అరుస్తూ కొట్టేవాడు. కొడుతూ ఏడ్చేవాడు కూడా. ఆ ఏడుపు చూస్తేనే ఒళ్లు మండేది.

కానీ ఫలితం కనిపించింది. పెరట్లో చీమల బారు ఎదురైతే పిల్లలిద్దరూ గోడకు అతుక్కుపోయి నడిచేవాళ్లు. "చూశావా, ఎంత బుద్ధి వచ్చిందో!" అని భార్యతో మురిసిపోయేవాడు. ఆమె తలెత్తకుండా గిన్నెలు తోముకునేది.

ఈ ఎండాకాలం వంటగది వెంటిలేటర్లో గోరింక గూడు కట్టింది. మూడు పిల్లలు లేచాయి. కూతురికి తొమ్మిదేళ్లు, కొడుక్కి ఆరు. ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి, "వీటికి గోరంత దెబ్బ తగిలినా తోలు ఒలిచేస్తాను" అన్నాడు. రోజూ మిల్లు నుంచి రాగానే స్టూలెక్కి చూసుకునేవాడు. ఆ మూడు నోళ్లూ తెరుచుకుంటే అతని మొహం వెలిగిపోయేది.

ఒక మధ్యాహ్నం మిల్లులో కరెంటు పోయి ముందే ఇంటికొచ్చాడు. వంటగదిలో కూతురు బకెట్టు మీద పళ్లెం బోర్లించి, రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉంది. కింద టపటపా చప్పుడు. అతను ఒక్క ఉదుటున వెళ్లి పళ్లెం లాగేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది. నీళ్లలో మూడు పిల్లలు, విడిపోయిన గూటి పుల్లలు.

"ఏం చేశావే!" అని చెయ్యెత్తాడు.

కూతురు ఏడవలేదు.

"తమ్ముడు వీటిని ముట్టుకుంటానని రోజూ గోల చేస్తున్నాడు నాన్నా. ముట్టుకుంటే నువ్వు వాణ్ణి చంపేస్తావు. అందుకే ఇవే లేకుండా చేశా. పోయినేడు గోడ కన్నంలో పిచ్చుకలు గూడు పెడితే అవి కూడా నేనే తీసేశా. నీకు తెలీదు."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. వంట గట్టు కింద నుంచి కొడుకు చెవులు మూసుకుని చూస్తున్నాడు. కూతురు తడి చేతులు గౌనుకు తుడుచుకుని, అలవాటు ప్రకారం మొహం ముందుకు పెట్టింది.

"కుడి పక్క కొట్టకు నాన్నా" అంది. "ఆ చెవి ఇప్పటికే వినిపించట్లేదు."