పేరు పెట్టకముందే జోకిన పిల్ల

నేను బడికి పోలేదు. బాపు ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, పురాణాలు చదివించి, పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టించాడు. ఖానాపూర్ దగ్గరి మా ఊళ్లో అక్క తొలికాన్పు బిడ్డ తొమ్మిదో రోజున ధనుర్వాతంతో పోయింది. దవాఖాన దూరం. ఆ ఏడే కరీంనగర్‌లో నర్సు శిక్షణకు చేరాను. చదువయ్యాక ఎక్కడ చేస్తావని ఎవరడిగినా అడవి ఊళ్లలోనే అనేదాన్ని. తోటి పిల్లలు నవ్వేవాళ్లు. పొద్దున్నే దీపం పెట్టి దేవుణ్ణి ఆ ఒక్కటే అడిగేదాన్ని.

మూడో ఏడు చివర, ఇచ్చోడ నుంచి బాగా లోపలికి, ఒక గూడేనికి రెండు నెలలు పంపారు. కాన్పుల రికార్డు నిండుగా ఉంటే ఉద్యోగం అక్కడికే వేయిస్తానని మా శిక్షణ చూసే పెద్ద సిస్టర్ మాట ఇచ్చింది.

గూడెంలో కాన్పులన్నీ ఒక ముసలి మంత్రసాని చేతుల మీదే జరిగేవి. నన్ను ఇళ్లలోకి రానిచ్చింది ఆమే. బ్లేడు ఉడకబెట్టడం నా దగ్గర నేర్చుకుంది. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పడం నాకు నేర్పింది. ఆ చదువుకు ఇవాళ్టికీ మనసులో ఆమెకు దండం పెట్టుకుంటాను. ఒక్కదానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. పేరు పెట్టేదాకా పసిపిల్లను తూకం వేయకూడదు.

"గిదేమన్న జొన్నలా బిడ్డా, జోకెతందుకు? ఐదొద్దులు ఆగు. పేరు పెట్టినంక నేనే ఎత్తుకొచ్చి నీ కాంటల పెడ్త."

సరేనన్నాను. ఏడు వారాలు ప్రతి పిల్లకూ ఆ ఐదు రోజులూ ఆగాను.

నేను తిరిగి వెళ్లడానికి వారం ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. మరీ చిన్నది, ఏడుపు కూడా సరిగా రాలేదు. మర్నాడే పెద్ద సిస్టర్ రికార్డు చూడటానికి వస్తుంది. అందులో ఆ పిల్ల బరువు గడి ఒక్కటే ఖాళీ. పిల్ల మేలు కోసమే తూచానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఆ గడి కోసం కూడా తూచాను. మంత్రసాని వాగుకు పోయినప్పుడు దూలానికి కాంటా కట్టి, గుడ్డ ఉయ్యాలలో పిల్లను వేశాను. తల్లి పడుకున్న చోటు నుంచే చూస్తూ ఉంది. తెల్లబట్టల మనిషిని వద్దనే ధైర్యం ఆమెకు లేదు.

రెండు కిలోలు లేదు. రేపు బండి కట్టించి ఆదిలాబాద్ దవాఖానకు తీసుకుపోదామని చెప్తుండగా ముసలమ్మ గుమ్మంలోకి వచ్చింది. వేలాడుతున్న పిల్లను చూసింది. దించి తల్లి పక్కన పడుకోబెట్టింది.

తెల్లారి బండితో పోయేసరికి ఇల్లు ఖాళీ. పిల్లనెత్తుకుని గుట్ట అవతల తల్లిగారింటికి నడిచిపోయారట. మధ్యాహ్నం పెద్ద సిస్టర్ వచ్చి రికార్డు చూసి వెళ్లింది. నాలుగో రోజున పిల్ల పోయిందని కబురొచ్చింది. ఆ తర్వాత నేను వీధిలోకి వస్తే తలుపులు మెల్లగా మూసుకునేవి. ఎవరూ తిట్టలేదు.

బయలుదేరే రోజు ముసలమ్మ ఒక్కతే వచ్చింది. రొట్టె కట్టి ఇచ్చింది.

"జోకినందుకు సావలే బిడ్డా. దవాఖానకు పోతే బతుకుతుండెనేమో. నన్ను అడగకుండ జోకినవని భయపడి పోయిండ్రు. ఇగ నువ్వు రాకు. ఇంకో పిల్లను తోలుమను, తలుపులు నేను తీపిస్త."

కరీంనగర్‌లో పెద్ద సిస్టర్ నా పేరు ఆ గూడేనికి రాసి ఉంచింది. రికార్డు బాగుందని మెచ్చుకుంది. వేరే ఎవరినైనా పంపమన్నాను.

"మూడేండ్లు అడవి అడవని నా చెవుల ఇల్లు కట్టుకుంటివి. ఇప్పుడు పట్నం రుచి మరిగినవా?"

"నేను పోతే తలుపులు తీయరు సిస్టర్."

ఆమె నా ముఖం చూసి, పేరు కొట్టేసింది.

నా తర్వాతి బ్యాచి అమ్మాయి వెళ్లింది. ముసలమ్మ తనను ప్రతి కాన్పుకూ వెంటబెట్టుకుపోతోందని, గూడెంలో అందరూ బాగా చూసుకుంటున్నారని ఉత్తరం రాసింది. దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ ఉత్తరానికి జవాబు మాత్రం రాయలేకపోయాను.