సున్నం షెడ్డుకు సీలు

బోధన్ దాటి ఎడపల్లి రోడ్డు పడితే ఎడమచేతి పక్కన కనిపించే సున్నం బట్టి ముజఫర్‌ది. వాళ్ల తాత కాల్చిన సున్నం ఊళ్లో గోడలకు, చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు రసం తేర్చడానికి పోయేది. ఫ్యాక్టరీ మూతపడింది. గోడలకు డబ్బాల రంగులొచ్చాయి. ముజఫర్ మాత్రం బట్టి ఆర్పలేదు. ఎరువులు పోసి పోసి చెడిన ఎర్రచెల్క నేలలకు సున్నం చల్లితే పసుపు బాగా ఊరుతుందని నవీపేట్ దాకా తిరిగి రైతులను ఒప్పించాడు. యాభై దాటిన మనిషికి అదో కొత్త బతుకు.

ఆ బతుకు ఏడాదికి నలభై రోజులే. యాసంగి కోతలయ్యాక, మృగశిర వాన పడేలోపు. వాన పడితే చెల్కలోకి ట్రాక్టర్ దిగదు, సున్నం ఎవరూ అడగరు. అందుకే ముందే రాయి కాల్చి, నీళ్లు తగలని ఆ గడ్డలను సంచుల్లో నింపి షెడ్డులో పేర్చిపెట్టి, రైతు వచ్చిన రోజున నీళ్లు చల్లి పొడిచేసి ఇస్తాడు. మృగశిర నాటికి షెడ్డు ఖాళీ చేసి ఊడ్చి పెట్టడం తాత నాటి అలవాటు.

ఈసారి షెడ్డు నిండుగా ఉండగానే నోటీసులొచ్చాయి. రాయికి గనుల ఆఫీసు, పొగకు కాలుష్యం ఆఫీసు, సంచికి వ్యవసాయ ఆఫీసు. ఒకరి కాగితం చూపిస్తే గానీ ఇంకొకరు ఇవ్వరు. తిరుగుడుకే ముప్పై రోజులు పోయాయి. ఆ మర్నాడు వ్యవసాయాధికారి రుచిత జీపు దిగింది.

"ల్యాబ్ రిపోర్టు ఏది చాచా?"

"ల్యాబ్ ఎందుకు మేడం? మా తాతప్పటి పరీక్ష సూపిస్త."

పిడికెడు గడ్డ తీసి ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో వేశాడు. నీళ్లు బుసబుస పొంగాయి. ఆవిరి లేచింది. బకెట్ ఒక పక్క మెత్తబడి వంగింది.

"సూసిండ్రా? గింత కాక ఉంటెనే అసలు సరుకు."

రుచిత రెండడుగులు వెనక్కి వేసింది. షెడ్డు వెనక గోడకు ఆనుకుని ఉన్న ఆరు కూలీల ఇళ్ల వైపు చూసింది.

"గిది ఇండ్ల పక్కన పెడ్తరా చాచా?"

"మా తాత కాలం నుంచి ఏం కాలే మేడం."

"అయ్యేదాక ఎవలకు ఏం కాదు," అని రాయడం మొదలుపెట్టింది.

షెడ్డుకు సీలు పడింది. పై ఆఫీసు నుంచి మాట వచ్చేదాకా తలుపు ముట్టకూడదు. పొడి చేసిన నాలుగు సంచులు చూపించి ఊరుకుంటే శాంపిల్ తీసుకుని వెళ్లిపోయేదేమో. ఆ సంగతి భార్య మెహరున్నిసా రోజుకు మూడుసార్లు గుర్తుచేసింది.

ఇక ముజఫర్‌కు ఆకాశం చూడటమే పని. పడమట మహారాష్ట్ర వైపు మబ్బు రోజుకింత నల్లబడుతోంది. సున్నం కోసం ట్రాలీతో వచ్చిన నవీపేట్ రైతు రామ్‌దాస్ తాళం వంక చూశాడు.

"ముజఫర్ భాయ్, ఊడబీకుదమా?"

"నీకేందన్నా, జైలుకు టిఫిన్ తెస్తవు గంతే."

ఇద్దరూ కప్పు మీద కొత్త టార్పాలిన్ పరిచి తాళ్లతో బిగించారు.

సీలు పడిన ఏడో రోజు పగలు, రామ్‌దాస్ మళ్లీ ట్రాలీతో వచ్చి ఉండగా, అనుకున్న దానికన్నా ముందే వాన దిగింది. కప్పు ఒక్క చుక్క కారలేదు. కానీ పోయినేడు రోడ్డు ఎత్తు పెంచారు. రోడ్డు మీది నీళ్లన్నీ షెడ్డు వాకిట్లోకి మళ్లి, తలుపు కింది సందులోంచి లోపలికి, వాలున్న వెనక గోడ వైపు పోతున్నాయి. ముజఫర్ ఇంతకుముందు ఎన్నడూ అటు చూడలేదు. వాన నాటికి లోపల సరుకుంటే కదా.

వెనక గోడకు అరచెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు.

"రామ్‌దాస్ అన్నా, ఇండ్లల్లకెళ్లి అందర్ని బయటికి తోలు. పిల్లల్ని ముందు. గడ్డపార గిటియ్యి."

"సీలు తీస్తె కేసైతది భాయ్. బట్టి లైసెన్సు ఇగ రాదు."

"ఎర్కే."

రెండు పోట్లకు తాళం ఊడింది. తలుపు తెరుచుకోగానే వేడి ఆవిరి మొహాన కొట్టింది. ముందు వరుస సంచులు వాళ్లిద్దరూ, ఇద్దరు కూలీలూ కలిసి లాగి ట్రాలీకెత్తి టార్పాలిన్ కప్పారు. వెనక వరుసలో గడ్డలు పగులుతున్నాయి. కింది గోనెలు నల్లబడి పొగ పెడుతున్నాయి. అక్కడికి చెయ్యి చాచలేకపోయారు.

ముజఫర్ వానలో నిలబడి ఫోన్ చేశాడు.

"మేడం, నేను ముజఫర్‌ని. సీలు నేనే తీసిన. మీరు రావాలె. ఫైరింజనోళ్లకు కూడ చెప్పున్రి. ఇసుక తెమ్మనున్రి మేడం, నీళ్లు కొట్టొద్దని ముందుగాల చెప్పున్రి."

ఎవరు ముందే చెప్పారో ఏమో, అప్పటికే బోధన్ వైపు నుంచి ఫైరింజన్ సైరన్ వినిపిస్తోంది.