మేస్త్రన్న బిగించిన లైటు

వాయుగుండం తీరం దాటి రెండు రోజులైనా ముసురు వదల్లేదు. టార్గెట్ల వెనకున్న మట్టికట్ట నాని జారుతోంది. నేను బకెట్టు పెట్టుకుని, షూటింగ్ వరస దగ్గర రాలిన ఇత్తడి కేసులు ఏరుతున్నాను. తూటా పేలాక మిగిలే ఖాళీ గొట్టాన్ని మేము కేసు అంటాం. వాన తెరిపిచ్చేదాకా ఆగితే అవి బురదలో కూరుకుపోతాయి, నల్లబడతాయి. అందుకని వానలోనే ఏరాలి. రెండో బకెట్టు సగం నిండేసరికి మేస్త్రన్న భార్య ఫోన్ చేసింది.

"మీ అన్న పోయినాడు మ్మే. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడు. అంతే," అంది.

సమాధి ఎప్పుడని అడిగాను. మూడింటికి అంది. సగం బకెట్టు అక్కడే వదిలి బయల్దేరాను.

ఆయనెవరో చదివేవాళ్ళకు చెప్పాలి. వెంకటాచలం దాటాక హైవే నుంచి లోపలికి ఒక రైఫిల్ క్లబ్బు ఉంది. పోటీలకు వెళ్ళేవాళ్ళు అక్కడ గురి నేర్చుకుంటారు. ఏరిన కేసులు కడిగి, మళ్ళీ తుపాకి మందు పోసి, గుండు బిగించి తూటా చేసే చేతి ప్రెస్సు ఒకటి అక్కడుంది. అనుమతి కాగితం గోడకు అద్దం కట్టి ఉంటుంది. కేసులు ఏరి, కడిగి, పగుళ్ళు చూసి ఇవ్వడం నా పని. నింపడం మేస్త్రన్న పని. అంతకుముందు ఆయన సూళ్లూరుపేటలో లేతు మిషను మీద పనిచేశాడు. పదకొండేళ్ళు మేమిద్దరం ఆ చిన్న గదిలో, దాని వసారాలో పనిచేశాం.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆయన గురించి రాయడానికి మంచి కావలసినంత ఉంది. కానీ నేను రాసేది కోపంతో. ఆయన చనిపోయిన నాలుగో రోజున క్లబ్బువాళ్ళు గేటుకు ఫ్లెక్సీ కట్టారు. "క్రమశిక్షణకు మారుపేరు" అని అందులో వేయించారు. అదే క్లబ్బు ఫైల్లో ఆయన అజాగ్రత్త మనిషని రాసి ఉంది. రెండింటి కిందా ఒకే సెక్రటరీ గారి పేరు.

ప్రెస్సు దగ్గర ఆయన పద్ధతులు కొన్ని ఉండేవి. యాభై కేసులు ఒక చెక్క పళ్ళెంలో నిలబెట్టేవాడు. మందు పోశాక గుండు పెట్టేముందు ప్రతి కేసులోకి ఒకసారి తొంగిచూసేవాడు. మందు పడకపోతే గుండు తుపాకి గొట్టంలోనే ఇరుక్కుంటుంది. వెనక ఇంకో తూటా పేలిస్తే గొట్టం చీలుతుంది. మందు రెండుసార్లు పడితే ఇంకా ప్రమాదం. మధ్యలో ఎవరైనా పిలిచినా, ఫోన్ మోగినా ఆ పళ్ళెం మొత్తం ఒలకబోసి మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. నలభై తొమ్మిదో కేసు దగ్గర ఆపినా అంతే. మొదట్లో నాకది చాదస్తంగా అనిపించేది. అన్నీ నువ్వే పోసినావు గదన్నా అన్నాను ఒకసారి.

"చేతికి అలవాటు ఉంటది గాని చూపు ఉండదు చెల్లెమ్మా," అన్నాడు.

అన్నానికి ముందు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడిగేవాడు, సీసం దుమ్ము లోపలికి పోకూడదని. నేను వేళ్ళ కొసలు తడుపుకుని వస్తే మళ్ళీ పంపేవాడు. తర్వాత కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. అది ఎంత చిన్నదంటే, నేను క్యారియర్ మూత తీసేలోపు అయిపోయేది. దేవుడికి అంత తొందరగా ఏం చెప్తావని అడిగితే, "ఆయనకు అంతా తెలుసు గదా, అటెండెన్సు వేయించుకుంటే చాలు," అనేవాడు.

ఆ గదికి ఒకటే కిటికీ. ట్యూబులైటు వీపు వెనక. ప్రెస్సు పైభాగం నీడ సరిగ్గా కేసు మూతి మీదే పడుతుంది. చాలాకాలం ఆయన చిన్న టార్చి పళ్ళతో పట్టుకుని చూసేవాడు. అప్పుడు ఏదైనా అడిగితే ఊఁ, ఉఁహూ తప్ప సమాధానం ఉండదు. నేను కావాలనే అప్పుడు ప్రశ్నలు వేసేదాన్ని. చూపు తగ్గుతున్న కొద్దీ టార్చి చాలలేదు. లైటు కావాలని సెక్రటరీ గారిని అడిగాడు. చూద్దాం అన్నారు. రెండేళ్ళు చూశారు.

చివరికి ఆయనే చేసుకున్నాడు. నాయుడుపేటలో ఆటోలకు అలంకారాలు అమ్మే కొట్లో ఎల్ఈడీ పట్టీ దొరుకుతుంది. దాన్ని మూడేసి బల్బులకు ఒకచోట కత్తిరించుకోవచ్చు. మూడు బల్బుల ముక్క కోసుకుని, పౌడరు డబ్బా రేకు వంచి దానికి అంటించి, ప్రెస్సు పైభాగం కింద బిగించాడు. మొదటిరోజు పనికి రాలేదు. కొత్తగా తోమిన ఇత్తడి మీద వెలుగు తళుక్కుమని, లోపల మందుందో లేదో తెలియలేదు. పెళ్ళిపత్రికల మధ్య వేసే పల్చటి కాగితం ఒకటి బల్బుల మీద అతికించాడు. ముందుకు కాకుండా కొంచెం వెనకకు జరిపాడు. అప్పుడు వెలుగు నిలువుగా కేసు అడుగుదాకా దిగింది.

"రా, చూడు," అని నన్ను పిలిచాడు. ఆయన పక్కకు జరిగి నాకు స్టూలిచ్చింది ఆ ఒక్కసారే. నేను తొంగిచూశాను. గవ్వంత కేసులో మందు పలుకులు ఒక్కొక్కటీ కనిపించాయి. పదేళ్ళు నేను కడిగిన కేసుల లోపల ఏముంటుందో నేను చూసింది ఆ రోజే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ లైటుకు కరెంటు గోడ నుంచి తీసుకోలేదు. మందున్న గదిలో స్విచ్చు ఉండకూడదని పాత బైకు బ్యాటరీ ఒకటి వసారాలో చెక్కపెట్టెలో పెట్టాడు. స్విచ్చు కూడా బయటే, తలుపు పక్కన. వైరు గోడ దాటే చోట సైకిల్ ట్యూబు తొడిగాడు. లోపలికి వెళ్ళేముందు వేసేవాడు, బయటికొచ్చాక ఆర్పేవాడు. నా కళ్ళతో చూశాను కాబట్టి రాస్తున్నాను.

రాష్ట్రస్థాయి పోటీలు క్లబ్బులో పెట్టిన ఏడాది పెద్దవాళ్ళు వస్తున్నారని గోడలకు సున్నం వేయించారు. సెక్రటరీ గారు ప్రెస్సు గదిలోకి వచ్చి లైటు చూశారు. పౌడరు డబ్బా రేకేంది, సైకిల్ ట్యూబేంది, వచ్చినోళ్ళు నవ్వుతారు అని పీకించేశారు. పోటీలయ్యాక మంచిది కొందామన్నారు. మేస్త్రన్న వాదించలేదు. టార్చి మళ్ళీ పళ్ళ మధ్యకు వచ్చింది.

పోటీల ముందురోజు ఒక పళ్ళెం మీద ఉండగా సెక్రటరీ గారు ఆయన్ని మూడుసార్లు పిలిచారు. ఒకసారి కుర్చీలు దింపించడానికి, ఒకసారి మైకుసెట్టు కోసం. మూడోది ఎందుకో నాకు గుర్తులేదు. మూడోసారి తిరిగొచ్చేసరికి ఆ పళ్ళెంలో సగం కేసులకు తను బిగించిన గుండ్లు ఉన్నాయి, సగానికి లేవు. ఏది చూశాడో ఏది చూడలేదో ఆయనకే తెలియలేదు. బిగించనివి ఒలకబోశాడు. బిగించినవి ఒలకబోయడానికి కుదరదు, విప్పాలంటే పూట పడుతుంది. పళ్ళేన్ని అరమీద పెట్టి, క్యాలెండరు కాగితం చింపి "ఇవి వాడొద్దు" అని రాసి దాని మీద ఉంచాడు. తెల్లారి విప్పుతానని నాతో చెప్పాడు.

తెల్లారి ఆయన వచ్చేసరికి అర ఖాళీగా ఉంది. తూటాలు తక్కువపడ్డాయని సెక్రటరీ గారే పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళారు. సెక్రటరీ గారు కాగితం తీసి కిటికీలోంచి పారేయడం వసారా ఊడుస్తున్న నేను చూశాను. కాగితం చేతికి తీసుకుని చదివాను కూడా. మేస్త్రన్న రాగానే చెప్పాను, ఆయన షూటింగ్ వరస దగ్గరికి పరుగెత్తాడు. ఆయన చేరేలోపే ఒక కుర్రషూటరు తుపాకి గొట్టం చీలింది. దేవుడి దయవల్ల చెంప గీరుకుపోవడంతో ఆగింది. కన్నుకూ దానికీ రెండు వేళ్ళ దూరం.

విచారణ పెట్టారు. నన్ను పిలిచి అర మీద కాగితం ఏదైనా ఉండిందా అని అడిగారు. సెక్రటరీ గారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. నాకు తెలియదన్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. కోపం వాళ్ళొక్కళ్ళ మీదే అని రాస్తే అది అబద్ధం అవుతుంది.

రిపోర్టులో రాసింది ఇది: అనుమతి లేని నాటు ఎలక్ట్రిక్ లైటు ప్రెస్సుకు బిగించుకుని, దాని మీద ఆధారపడి, అది తీసేశాక అజాగ్రత్తగా పనిచేసినందువల్ల ప్రమాదం జరిగింది. చూడటానికి లైటు పెట్టుకోవడం తప్పు. లైటు తీసేయించడం తప్పు కాదు. వద్దని రాసిన కాగితం గురించి ఒక్క అక్షరం లేదు. ఆయన్ని మాన్పించారు.

తర్వాత నేను వాళ్ళింటికి వెళ్ళడానికి నెల పట్టింది. ఆయన వసారాలో వలలకు సీసపు గుండ్లు నొక్కుతున్నాడు. ఆ ఊళ్ళో చేపలవాళ్ళకు ఆ పని చేసిపెట్టేవాడు. నేను ఏడవబోతే గమ్మునుండమన్నాడు.

"నువ్వు పని చేసుకో మ్మా. నాకు మళ్ళా ఆ పని అక్కర్లేదు. ఆ కాగితంలో మాత్రం నా పేరు అట్టా ఉండగూడదు. ఆ పిలకాయ నా వల్ల చచ్చిపోయుండేవాడని రాసినారు. అది కొట్టెయ్యమను."

మూడు అర్జీలు పెట్టుకున్నాడు. జవాబు రాలేదు. నన్ను సాక్ష్యం చెప్పమని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగుంటే నాకు సులువయ్యేది.

ఇప్పుడు ఆ ప్రెస్సుకు లైటుంది. కంపెనీది, అట్టపెట్టెలో వచ్చింది. మూడు బల్బులు, పైభాగం కింద, కొంచెం వెనకగా. చూడటానికి వచ్చినవాళ్ళకు సెక్రటరీ గారు దాన్ని వెలిగించి చూపిస్తారు. దాని స్విచ్చు గది లోపలే ఉంది.

సంతాపసభ శనివారం మధ్యాహ్నం మూడున్నరకు, క్లబ్బు హాల్లో. మేస్త్రన్న భార్యను కారులో తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. సెక్రటరీ గారు మాట్లాడారు, ఆయన మాకు పెద్దదిక్కు అన్నారు. శాలువా కప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది వద్దు సార్. ఆ కాగితం తెప్పించండి. అందరూ ఉన్నారు గదా, అది కొట్టేసి సంతకం పెట్టండి. మా ఆయన అడిగింది అదొకటే."

ఇది ఆ సమయం కాదమ్మా అన్నారు సెక్రటరీ గారు.

నేను వెనక వరసలో, టీ గ్లాసుల బల్ల దగ్గర ఉన్నాను. ముందుకు వెళ్ళాను. అర మీద కాగితం ఉండిందని, దాని మీద ఏం రాసుందో, ఎవరు పారేశారో చెప్పాను. విచారణలో నేను అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"అప్పుడు చెప్పుంటే ఆయన వినుండేవాడు," అంది.

అవునక్కా అన్నాను.

విషయం వచ్చే కమిటీలో పరిశీలిస్తామని సెక్రటరీ గారు మైకులో చెప్పారు. ఫైలు తెప్పించలేదు.

నాలుగూ పదికి మేస్త్రన్న భార్య లేచి వెళ్ళిపోయింది. కారు వద్దని హైవే దాకా నడిచింది. ఆమెతో వచ్చిన చర్చివాళ్ళు ఇద్దరూ అప్పుడే వెళ్ళారు. నాలుగుంపావుకు నా దగ్గరుండే స్టోరు తాళాలు బల్ల మీద పెట్టి నేను వచ్చేశాను. సభ్యుల్లో నలుగురు నాలుగున్నరకు వెళ్ళారట. మిగతావాళ్ళు టీ తాగి, అయిదింటికి వెళ్ళారు.