మిషిన్‌లో కనబడని గట్టు

దసరాకు మా ఆఫీసులో ఆయుధ పూజ చేసేవాళ్లు. కంప్యూటర్లకు బొట్లు పెట్టి, తెరల మీద బంతిపూల దండలు వేసి, గుమ్మంలో గుమ్మడికాయ కొట్టి, ఇంటివాళ్లందరినీ పిలిచి లడ్డూలు పంచేవాళ్లు. ఆ ఏడు మా నాయినను వెంట తీసుకుపోయాను. తీసుకుపోకుండా ఉంటే ఏమయ్యేదని ఇప్పటికి వెయ్యిసార్లు అనుకుని ఉంటాను. నా తప్పేం లేదు, అది నాకు తెలుసు. అయినా ఊరుకోదు కదా, పాడు మనసు.

మాది పుప్పాలగూడ. అప్పట్లో అది అచ్చంగా ఊరే. వరిమళ్లు, కూరగాయల మళ్లు, మధ్యమధ్య ఏనుగులంత బండలు. మాదాపూర్ దిక్కు కంప్యూటర్ కంపెనీల కోసం ఆ గుండ్రటి పెద్ద భవనం లేచాక మా ఊరి మట్టికి కూడా ఎక్కడ లేని విలువ వచ్చింది. అంతకుముందు జానెడు జాగా అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడు గట్టు మీద గడ్డి కోసినా ఎవరి దిక్కు కోశావని అడగడం మొదలైంది.

నేను డిగ్రీ అయ్యాక ఆ భవనానికి దగ్గర్లోనే ఒక చిన్న కంపెనీలో చేరాను. అమెరికాలో ఏదో జిల్లా పాత భూమి పటాలు మాకు వచ్చేవి. వాటిని తెర మీద పెట్టుకుని మౌస్‌తో గీతలు గీసి, ఒక్కో జాగాకు హద్దు కట్టి తిరిగి పంపాలి. ఎవరి పొలమో, ఎవరి దొడ్డో మాకు అక్కర్లేదు. పొద్దస్తమానం గీయడమే. మెడలు పట్టేసేవి, కళ్లు మండేవి. మా అమ్మ మాత్రం ఊళ్లో అందరితో "మా పిల్ల అమెరికా జాగలు కొలుస్తది" అని చెప్పుకునేది.

ఒకనాడు మా టీమ్ లీడర్, కాకినాడ దిక్కు ఆవిడ, అందరినీ తన కంప్యూటర్ దగ్గరికి పిలిచింది. "రండి రండి, మనం గీసిందంతా వాళ్లు ఇంటర్‌నెట్‌లో పెట్టేశారండీ!" అంది. ఆ జిల్లావాళ్ల పేజీ తెరిచి ఒక ఇంటి నంబరు కొట్టింది. ఫోన్ లైను మీద ఇంటర్‌నెట్ కదా, బొమ్మ పైనుంచి కిందికి నత్తలా దిగింది. దిగాక చూస్తే, ఆ ఇంటి జాగా చుట్టూ ఎర్రగీత, ఒక్కో పక్కన కొలత, కింద విమానంలోంచి తీసిన ఫోటో. ఫోటోలో చెట్లు, కంచె, పశువుల కొట్టం. ఆవిడ "అమ్మ బాబోయ్" అంది, నేను "వామ్మో" అన్నాను. ఇంట్లో కూర్చుని ఎవరైనా ఎవరి హద్దైనా చూసుకోవచ్చట! మేం గుడ్డిగా గీసిన గీతలు ఇందుకా అని నాకు ఒళ్లు పులకరించింది.

ఆయుధ పూజనాడు నాయినకు చూపించింది అదే. నాయిన లడ్డూ చేతిలో పట్టుకుని, తినడం మరిచిపోయి, తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగాడు.

"గిది గట్టేనా బిడ్డా?"

"గట్టే నాయినా. ఎన్ని అడుగులో కూడ రాసి ఉంటది."

"అమెరికోళ్ల గట్టు గిట్ల కనవడ్తే, మనది కనవడదా?"

"మనది లేదు నాయినా, గిది ఆ జిల్లా ఒక్కటే" అన్నాను. చెప్పాను. దండలేసిన కంప్యూటర్ల మధ్య, గోలలో, రెండుసార్లు చెప్పాను. ఆయన తల ఊపాడు. విన్నాడనే అనుకున్నాను.

అప్పటికే మా ఇంట్లో గట్టు గొడవ నడుస్తోంది. ఆ వానాకాలం పెద్ద వాన పడి, మా పొలానికీ మా పెద్దనాయిన పొలానికీ మధ్య గట్టు కొట్టుకుపోయింది. పెద్దనాయిన తానే మట్టి మోసి మళ్లీ కట్టాడు. కట్టినప్పుడు మా దిక్కు జరిపాడని నాయిన అనుమానం. ఈ పెద్దనాయిన మామూలు అన్న కాదు. తాత చిన్నప్పుడే పోతే, తమ్ముణ్ణి భుజాన వేసుకుని పెంచినవాడు. రోజూ పొద్దున పొలానికి పోతూ మా ఇంటి ముందు ఆగి "తమ్మీ, లేచినవా?" అని కేకేసి, మా అమ్మ చేతి చాయ్ తాగి పోయేవాడు. గొడవ మొదలయ్యాక కూడా ఆగేవాడు. చాయ్ తాగేటప్పుడు గట్టు మాట ఎత్తేవాళ్లు కాదు, అంతే.

చివరికి మా ఇంటి ముందు నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. పెద్దనాయిన ఎక్కువ మాట్లాడలేదు. "తానం జేసి తడిబట్టల్తోని వస్త. గట్టు మన్ను నెత్తిన వెట్టుకొని పోచమ్మ ముంగట్నుంచి నడుస్త. నేను నడిచిందే హద్దు" అన్నాడు.

మా దిక్కు ఇది చిన్న మాట కాదు. మన్ను నెత్తిన పెట్టుకుని తప్పు నడిస్తే వంశం నిలవదంటారు. అందుకే ఎవరైనా నడుస్తానని నోరు తెరిస్తే, అవతలివాడు వెంటనే లేచి చేతులు పట్టుకుని "వద్దే, నువ్వు అన్నవు, గదే చాలు" అనాలి. నడవనియ్యరు. నాకు తెలిసి మా ఊళ్లో ఎవరూ నిజంగా నడిచింది లేదు. అనడంతోనే తగువు తెగిపోతుంది. నాయిన ఆ మాట అనేస్తాడని అందరూ ఆయన దిక్కే చూస్తున్నారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

నాయిన అన్నాడు: "ప్రమాణం ఎందుకన్నా? నా బిడ్డ ఆఫీసుల మిషిన్ ఉన్నది. గండ్ల చూస్తం. ఎవలది తప్పో గదే చెప్తది."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారే, అదే అయింది. కూర్చున్నవాళ్లలో ఒకాయన "ఏందిరా గామాట!" అన్నాడు. పెద్దనాయిన లేచాడు. భుజం మీది తువ్వాల తీసి, దులిపి, మళ్లీ వేసుకుని పోయాడు. ఆ రాత్రి అమ్మ నాయినను పట్టుకుని కడిగేసింది. "ఎత్తుకొని పెంచిన మనిషి మాట కాదని గాజుపెట్టె మాట వింటవా? నీకు మతి ఉన్నదా, మన్ను తిన్నవా?" నాయిన "జర ఆగు, ఫికర్ జెయ్యకు. నిజం తెలిస్తే అన్ననే ఒప్పుకుంటడు" అన్నాడు. ఆయన మనసులో చెడు లేదు. కొలిచి చూస్తే ఎవరూ ఎవరి ముందూ చిన్నబోనక్కర్లేదని నమ్మాడు. ఆ అమాయకత్వం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం, ఏడుపు కలిసే వస్తాయి.

మర్నాటి నుంచి పెద్దనాయిన మా ఇంటి ముందు ఆగలేదు. ఊరి చెరువు వెనక దోవన పొలానికి పోయేవాడు.

నాయిన నా ప్రాణం తోడేశాడు. "సర్కారు సర్వేయర్ను పిలుద్దాం" అంటే "ఇంటి సంగతికి సర్కారోడు ఎందుకు" అనేవాడు. మిషినే కావాలి. చివరికి మా టీమ్ లీడర్‌ను అడిగాను. పైన తిరిగే ఉపగ్రహాలు తీసిన బొమ్మలు పెట్టిన చోటు ఇంటర్‌నెట్‌లో ఇంకోటి ఉందని, అందులో భూమ్మీద ఏ జాగా అయినా అడగొచ్చని ఆవిడ చెప్పింది. అట్లాసులో హైదరాబాదు అక్షాంశ రేఖాంశాలు చూసి కొట్టాం. వచ్చింది! మన ఊరు కూడా ఉంది, వానకు ముందు తీసిన బొమ్మ కూడా ఉంది. ఇంకేం కావాలి? తెల్లారి అన్నం వేళకు నాయినను రమ్మన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

బొమ్మ మెల్లగా దిగింది. గండిపేట చెరువు నల్లగా కనబడింది. అక్కణ్ణుంచి మౌస్‌తో జరుపుకుంటూ మా ఊరి దిక్కు వచ్చాం. దగ్గరికి లాగేకొద్దీ అంతా చదరాలు చదరాలుగా విడిపోయింది. ఊరు లేదు, బండలు లేవు, చెట్టు లేదు. ముదురాకుపచ్చ చుక్క పక్కన బూడిదరంగు చుక్క.

"మనదేది బిడ్డా?"

నేను ఒక చుక్క చూపించాను.

"మరి అన్నది?"

"అదే నాయినా. రెండూ గా ఒక్క చుక్కలనే ఉన్నయి."

నాయినకు అర్థం కాలేదు. మా టీమ్ లీడర్ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. "ఆ అమెరికా వాళ్లు విమానం పంపి ఫోటోలు తీయించుకున్నారండీ. కొలిపించుకున్నారు. తర్వాత మీ అమ్మాయి లాంటి వాళ్లు కూర్చుని గీశారు. అందుకే అందులో హద్దు ఉందండీ. ఎవరో పెడితేనే అది చూపిస్తుంది. మన గట్టు ఎవరూ పెట్టలేదు కదండీ."

"అంటే దానికి ఎరుక లేదా?" అన్నాడు నాయిన.

"లేదండీ."

ఆయన మొహం చూడలేకపోయాను. బొమ్మ కాగితం మీద తీసివ్వనా అంటే వద్దన్నాడు. బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. దిగేముందు మాత్రం "మిషిన్‌కు ఎరుకలేదు. ఎరుకున్నోడు అన్న ఒక్కడే ఉండె" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇంటికి కూడా పోకుండా నేరుగా పెద్దనాయిన దగ్గరికి నడిచాడు. నేనూ వెంట పోయాను. పెద్దనాయిన పొలంలో పార పట్టుకుని నీళ్లు మళ్లిస్తున్నాడు.

"అన్నా, మిషిన్ల కనవడలే. నువ్వే నడువన్నా. నువ్వు యాడ నడిస్తే గాడనే హద్దు" అన్నాడు నాయిన.

పెద్దనాయిన తలెత్తాడు. కోపం లేదు ఆ మొహంలో. కోపం ఉన్నా బాగుండేది.

"కనవడుంటే నన్ను నడువమంటుంటివారా?"

పెద్దనాయిన మళ్లీ నీళ్ల దిక్కు తిరిగాడు.

ఆ వారంలోనే ఆయన తాను కట్టిన గట్టును పారతో తవ్వేసి, తన పొలంలోకి బాగా వెనక్కి జరిపి కొత్త గట్టు పోశాడు. నాయిన అనుమానపడిన దానికంటే ఎంతో ఎక్కువ జాగా మా దిక్కు వచ్చింది. నాయిన ఉరికి పోయి "గింత నేనడగలేదన్నా! అన్నా, గింత నాది కాదు!" అని మొత్తుకున్నాడు. పెద్దనాయిన వెనక్కి తిరగలేదు. పార భుజాన వేసుకుని చెరువు దోవ పట్టాడు.

ఆ జాగాలో నాయిన ఎన్నడూ నాగలి పెట్టలేదు. మా పొలం అంచున అది గడ్డి పెరిగి అట్లాగే పడి ఉండేది. అమ్మ పొద్దున పొయ్యి మీద చాయ్ పెట్టేటప్పుడు చాలా రోజులు ఒక గ్లాసెడు నీళ్లు ఎక్కువే పోసింది. తర్వాత తర్వాత మానేసింది.