మనవి చెప్పిన ఆదివారం

తప్పు నాదే. ముందు ఆ మాట ఒప్పుకుని, తర్వాత మా ఆయన సంగతి చెప్తాను.

మా ఆయన దయాసాగర్ ఉదయగిరిలో విలేకరి. రెండు కళ్ళూ కనపడవు. ఆరేళ్ళప్పుడు తట్టు పోసి చూపు పోయింది. మా మామ చెక్క గరిటెలు చెక్కేవాడు. కొడుకు డిగ్రీ పాసై వచ్చిననాడు ఆ గరిటెల కట్టెతోనే చేతికర్ర చేసిచ్చి, పిడి మీద ద్రాక్షగుత్తి చెక్కినాడు.

పేపరోళ్ళు మొదట నవ్వినారంట, చూడలేనోడు వార్తలేం రాస్తాడని. ఈయన బస్టాండు బెంచీ మీద కూర్చుని ఊరి సంగతులన్నీ విని, కాగితం ముక్క లేకుండా ఎస్టీడీ బూతు నించి వార్త చెప్పేవాడు. పందొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఫోనే అక్షరాలు పలికి చెప్తాది, ఈయన టైపు కొట్టి పంపిస్తాడు. గొంతు ఒక్కసారి వింటే చాలు, జన్మలో మర్చిపోడు. పెళ్ళిచూపుల్లో నేను "కాఫీ తీసుకోండి" అన్నదాన్ని ఇప్పటికీ నా గొంతుతోనే ఎక్కిరిస్తాడు. తిక్క మనిషి!

ఆ చెవులే మా కొంప మీదికి తెచ్చినాయి.

మొన్న వేసవిలో కొండ కింద రాళ్ళ క్వారీలో బండలు పగలేసే మందు తూటా పేలి సిద్ధయ్య అనే కూలాయన చనిపోయినాడు. వార్త కోసం పోయి ఈయన ఆస్పత్రి వరండాలో కూర్చోనుండాడు. క్వారీ మేనేజరు సిద్ధయ్య భార్య నాగులమ్మను అక్కడికే పిలుచుకొచ్చి, "ట్రాక్టరు తిరగబడి పోయినాడని చెప్పు. తూటా మాట ఎత్తినావో, నీ పిల్లకాయలు గూడా ఆ గుంటలోకే" అన్నాడు. పక్కన మనిషి ఉండాడని ఎవరో అంటే, "గుడ్డోడేలే" అన్నాడంట. గుడ్డోడికి చెవులుండవా?

వార్త పడింది. ఆత్మకూరు ఆర్డీవో ఆఫీసులో విచారణ పెట్టినారు. నాగులమ్మ భయపడి నోరు మెదపదు. ఇంక ఆ మాట విన్నానని చెప్పేది ఈయన ఒక్కడే. వద్దని కాళ్ళావేళ్ళా పడినాను.

"నేను గూడా గమ్మునుంటే సిద్ధయ్య ట్రాక్టరు కిందే పోయినట్టు, కరుణా" అన్నాడు.

మా బాప్టిస్టు చర్చిలో ఆరాధన చివర ఎవరి ప్రార్థన మనవి వాళ్ళు లేచి చెప్పుకుంటారు. బిడ్డకు జ్వరమనో, బోరులో నీళ్ళు పడాలనో. ఆ ఆదివారం నేను లేచినాను. "మా ఆయన మంగళవారం ఏడున్నర బస్సుకు ఆత్మకూరు పోతాడు. క్వారీ సంగతి ఆర్డీవో గారికి చెప్తాడు. క్షేమంగా పోయి రావాలని ప్రార్థన చెయ్యండి" అన్నాను. రోజు చెప్పినాను, బస్సు చెప్పినాను, టైము చెప్పినాను. దేవుడికి బస్సు టైము తెలియదా ఏంది! కూర్చున్నాక చూస్తే ముందు వరసలో ఉన్నామె మొగుడు ఆ క్వారీలోనే లారీలు తూచే కాటా దగ్గర పని చేసేది.

సాయంత్రం కుళాయి కాడికి పోయి బిందెతో వచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉండాడు. చెమటకు చొక్కా తడిసి ముద్దయింది.

"కరుణా, నువ్వేనా? మాట్లాడు. ముందు మాట్లాడు!"

"నేనేనండీ, ఏమైంది?"

ఎవడో లోపలికొచ్చినాడంట. ఎవరంటే పలకలేదంట. మూలనున్న ఈయన చేతికర్ర తీసుకుని, ఈయన నడిచేటట్టే టక్ టక్‌మని నేల కొట్టుకుంటా ఈయన చుట్టూ తిరిగినాడంట. మూడు చుట్లు. తర్వాత కర్ర తీసుకునే వెళ్ళిపోయినాడు.

"గొంతు వింటే పట్టేస్తానని తెలుసు వాడికి" అన్నాడు.

మంగళవారం బస్సులో ఎవర్ని చూసినా వాడే అనిపించినాడు. పిలవకుండానే మా చర్చి పెద్దమ్మ రెబెకమ్మ టిఫిను డబ్బాతో ఎక్కి మా పక్కన కూర్చునింది. ఆత్మకూరులో ఈయన చెప్పాల్సింది చెప్పినాడు. మేనేజరు రాలేదు. అతను వచ్చి మాట్లాడితే ఆ గొంతును ఈయన గుర్తుపట్టాలంట. ఆ పైవారం గురువారానికి వాయిదా వేసినారు. ఇంక ఆ రోజుల్లో నేను గడియ పెట్టుకునే వంట చేసినాను. పాలోడు పిలిచినా ఉలిక్కిపడినాను.

మళ్ళీ ఆదివారం వచ్చింది. "ఈ తడవ నోరు మూసుకుని కూర్చో మే" అనింది రెబెకమ్మ. కూర్చునే ఉండాను.

మనవులు మొదలైనాయి. వెనక నించి టక్, టక్‌మని వినపడింది. మగవాళ్ళ వైపు కూర్చున్న మా ఆయన తల గిర్రున వెనక్కి తిప్పినాడు. చివరి బెంచీలో ఎవరో కొత్త మనిషి, మోకాళ్ళ మధ్య మా మామ చేసిన కర్ర. ద్రాక్షగుత్తి మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తా ఉండాడు.

ఎట్లా లేచినానో నాకే తెలియదు.

"మా ఆయన గురువారం గూడా ఏడున్నర బస్సుకే పోతాడు. ఆయనకేమన్నా అయితే ఆ చివరి బెంచీలో కూర్చున్నాయన్ని అడగండి. మా ఇంట్లో ఎత్తుకుపోయిన కర్ర ఆయన చేతిలోనే ఉండాది. అందరూ తిరిగి ఆ మొహం బాగా చూసుకోండి. మా ఆయన చూడలేడు, మీరన్నా చూడండి!"

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. వాడు కర్ర బెంచీకి ఆనించి, లేచి బయటికి పోయినాడు. అప్పుడు గూడా నోరు విప్పలేదు.

ఈరోజు బుధవారం. రేపు మా చర్చోళ్ళు పద్దెనిమిది మంది మా బస్సే ఎక్కుతామన్నారు. అయినా భయం పోలేదు. వసారాలో ఆయన కర్ర పట్టుకుని తిరగతా ఉండాడు. ఆ టక్ టక్ వినపడినప్పుడల్లా వంటింట్లో నించి అరస్తానే ఉండాను.

"మీరేనా? మాట్లాడండి!"