మెడ మీది నల్ల చార

ఆదివారం తలస్నానం చేయిస్తూ పాప మెడను పీచుతో రుద్దుతున్నాను. "మండుతుందమ్మా" అంది. పీచు పైకెత్తి చూశాను. మురికి లేదు, తెల్లటి నురగే ఉంది. మెడ చుట్టూ చార మాత్రం అలాగే నల్లగా ఉంది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

మూడు నెలలుగా నేను దాన్ని మురికే అనుకున్నాను. శనగపిండి పెట్టాను, నిమ్మచెక్క రుద్దాను, స్నానం సరిగా చెయ్యవని తిట్టాను. డిగ్రీ చదివిన దాన్ని.

గడపలో కూర్చున్న అత్తమ్మ కొంగు జరిపి తన మెడ చూపించింది. "ఇగో సూడు. సుగర్ రాకముందు నాకు గూడ గిట్లనే అయింది. ఎంత రుద్దినా పోలే."

పాపకు తొమ్మిదేళ్లు.

సోమవారం సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ బరువు చూసి, రక్తం పరీక్ష చేయించింది. "సుగర్ ఇంకా రాలే. బరువు గిట్లనే ఉంటే వస్తది. చిప్స్ ప్యాకెట్లు బంద్ చెయ్యి, రోజు గంటసేపు ఉరకనియ్యి" అంది. నేను తల ఊపాను. ఎక్కడ ఉరకాలో అడగలేదు.

నేను బోధన్ దగ్గర చెరకు తోటల మధ్య పెరిగాను. రోజంతా చెరకు నమిలేవాళ్లం, చీకటి పడేదాకా ఉరికేవాళ్లం. ఇప్పుడు నిజామాబాద్‌లో మాది ఒకటే గది. తలుపు తీస్తే మురుగు పారే మోరీ, మోరీ దాటితే బియ్యం మిల్లు లారీలు. కూరగాయలకు ఆటో ఎక్కాలి. చిప్స్ ప్యాకెట్లు మాత్రం పక్క కిరాణాలో దండల్లా వేలాడుతుంటాయి. పోయినేడు గల్లీలో పాప తమ్ముడు బాబును కుక్క కరిచింది. అప్పటి నుంచి బడి నుంచి రాగానే గొళ్లెం పెడుతున్నాను. బయటికి పోతామని ఏడిస్తే చెరో ప్యాకెట్ ఇస్తున్నాను. గొళ్లెం పెట్టిందీ నేనే, తినిపించిందీ నేనే.

దవాఖాన నుంచి వచ్చిన సాయంత్రం మిద్దె తాళంచెవి కోసం ఇంటి ఓనరమ్మను అడిగాను. "పిల్లలు జరసేపు మీద ఆడుకుంటరక్కా."

"పిట్టగోడ లేదు పిల్లా, పడితే ఎవ్వరు జవాబు?" అని నా వెనకకు చూసి నవ్వింది. "అయినా నీ బిడ్డ ఉరికితే నా స్లాబు ఆగుతదా?"

పాప నా వెనకే నిలబడి ఉంది. ఆ రాత్రి అన్నం కూడా సగమే తిన్నది.

తెల్లారి స్నానానికి పిలిస్తే తనే పీచు తెచ్చి నా చేతికిచ్చింది. "గట్టిగ రుద్దమ్మా. మండినా ఏడ్వ."

పీచు అవతల పడేసి పిల్లలిద్దరినీ దగ్గరకు తీసుకున్నాను. "గది మురికి గాదు బిడ్డా. నువ్వేం తప్పు చెయ్యలే. ఇయ్యాల సాయంత్రం గొళ్లెం పెట్ట. ముగ్గురం నడుద్దాం."

"ఏడికి?" అన్నాడు బాబు.

"తెల్వదు. నా చెయ్యి మాత్రం ఇడువకుండ్రి" అన్నాను.